మైనస్ 4.99 అంటే ఎంత? స్థిర ఐసోటోపుల నిష్పత్తిని కొలిచే తీరు, చెప్పే తీరు

చెరువు నిండితే బోరు పోస్తుందన్నది వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఎవరూ ప్రశ్నించని మాట. 2015లో మిషన్ కాకతీయ పేరుతో పూడికతీత మొదలయ్యాక ఆ మాటకు సర్కారు లెక్కల్లోనూ చోటు దొరికింది. అయితే ఒక బోరు నీటిలో చెరువు వాటా ఎంత, నేరుగా నేలలో ఇంకిన వాన వాటా ఎంత అని అడిగితే, నీటిమట్టం ఎన్ని మీటర్లు పైకి వచ్చిందో కొలిచినంత మాత్రాన జవాబు రాదు. ఆ ప్రశ్నకు భూగర్భజల శాస్త్రవేత్తలు వాడే సాధనాల్లో స్థిర ఐసోటోపుల నిష్పత్తి ఒకటి. ప్రయోగశాల నుంచి వచ్చే నివేదికలో "డెల్టా ఆక్సిజన్-18: −4.99 పర్ మిల్, వీస్మో" వంటి వరుస ఉంటుంది; పర్ మిల్ అంటే వెయ్యికి ఇంత అని, వీస్మో అంటే పోలికకు తీసుకున్న సముద్రజల ప్రమాణం. నీటిలో ఉన్న పదార్థం మైనస్‌లో ఎలా ఉంటుందన్న సందేహం చదివిన ప్రతివారికీ కలుగుతుంది. తేనె కల్తీ వార్తలు వచ్చినప్పుడు కనిపించే అంకెలూ ఈ జాతివే. వాటిని చదవాలంటే ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఈ అంకె ఎప్పుడూ పరిమాణం కాదు, పోలిక. దేనితో పోల్చారో తెలియకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

బరువు వేరు, మూలకం ఒకటే

ఒక పరమాణువు ఏ మూలకానిదన్నది కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఎనిమిది ప్రోటాన్లుంటే అది ఆక్సిజన్. న్యూట్రాన్లు మాత్రం ఎనిమిదో, తొమ్మిదో, పదో ఉండవచ్చు; ఆ లెక్కన ఆక్సిజన్-16, 17, 18 అనే మూడు ఐసోటోపులు ఏర్పడ్డాయి. ఈ మూడింటికీ రేడియోధార్మికత లేదు, ఎన్ని యుగాలైనా క్షీణించవు, అందుకే వీటిని స్థిర ఐసోటోపులంటారు. పురావస్తువుల వయసు కట్టడానికి వాడే కార్బన్-14 ఈ కోవకు చెందదు. అది క్షీణించేది కనుకనే దానితో వయసు కట్టగలుగుతున్నారు. స్థిర ఐసోటోపులు చెప్పేది వయసును కాదు, పదార్థం ఎక్కడి నుంచి వచ్చింది, దారిలో ఏ మార్పులకు లోనైంది అన్న సంగతిని.

ప్రకృతిలోని ఆక్సిజన్‌లో సుమారు 99.76 శాతం ఆక్సిజన్-16 కాగా, ఆక్సిజన్-18 దాదాపు 0.20 శాతమే. కార్బన్‌లో 98.9 శాతం కార్బన్-12, మిగిలిన 1.1 శాతం కార్బన్-13. హైడ్రోజన్‌లో బరువైన ఐసోటోపయిన డ్యుటీరియం మరీ అరుదు. సముద్రపు నీటిలో పది లక్షల సాధారణ హైడ్రోజన్ పరమాణువులకు దాదాపు 156 మాత్రమే ఉంటాయి. దీనిని 1931లో కనుగొన్న హెరాల్డ్ యూరీకి 1934లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

రసాయనికంగా ఇవన్నీ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. ఆ "దాదాపు" అన్నదే ఈ శాస్త్రానికంతటికీ ఆధారం. ఆక్సిజన్-18 ఉన్న నీటి అణువు కొంచెం బరువైనది కావడంతో ఆవిరయ్యేటప్పుడు వెనకబడుతుంది, ఆవిరి మళ్లీ నీటిబొట్టుగా మారేటప్పుడు ముందుంటుంది. 25 డిగ్రీల దగ్గర సమతౌల్యంలో ఉన్న నీటిని, దాని ఆవిరిని పోలిస్తే, ఆవిరిలో ఆక్సిజన్-18 నిష్పత్తి వెయ్యికి సుమారు 9 వంతులు తక్కువ. డ్యుటీరియం విషయంలో ఆ లోటు అంతకు ఎనిమిది రెట్లకు పైగానే ఉంటుంది. సముద్రం నుంచి లేచిన మేఘం దారి పొడవునా కురుస్తూ వస్తే, బరువైన అణువులు ముందే రాలిపోయి, మిగిలిన ఆవిరి అంతకంతకూ తేలికవుతుంది. ఏకధాటిగా కురిసే పెద్ద వాన నీరు చిరుజల్లు నీటికన్నా తేలికగా ఉండడం ఉష్ణమండలంలో తరచూ కనిపించేదే.

అసలు నిష్పత్తి కాక తేడానే చెప్పడం ఎందుకు

సముద్రజలానికి ప్రమాణంగా తీసుకున్న వీస్మోలో పది లక్షల ఆక్సిజన్-16 పరమాణువులకు 2005.2 ఆక్సిజన్-18 పరమాణువులున్నాయి. మన నమూనా నీటిలో అవి 1995.2 అనుకుందాం. తేడా పది లక్షలకు పది మాత్రమే. 1995.2ను 2005.2తో భాగిస్తే 0.99501 వస్తుంది. అందులోంచి ఒకటి తీసివేస్తే −0.00499. ఇంత చిన్న దశాంశాన్ని పలకడం కష్టం కనుక వెయ్యితో హెచ్చించి −4.99 పర్ మిల్, అంటే వెయ్యికి 4.99 తక్కువ అంటారు. డెల్టా విలువంటే ఇంతే. అది సున్నా అయితే నమూనా ప్రమాణంతో సమానం, ప్లస్ అయితే బరువైన ఐసోటోపు ప్రమాణంలో కన్నా ఎక్కువ, మైనస్ అయితే తక్కువ. సముద్రమట్టాన్ని సున్నాగా తీసుకుని ఊళ్ల ఎత్తు చెప్పినట్లే ఇదీ. మట్టానికి దిగువన ఉన్న నేలకు మైనస్ వచ్చినంత మాత్రాన అక్కడ నేల లేదని కాదు.

పది లక్షలకు 1995.2 అని నేరుగా చెప్పకపోవడానికి బలమైన కారణముంది. ఏ యంత్రమైనా తేలిక, బరువు పరమాణువులను సరిగ్గా ఒకే సామర్థ్యంతో పట్టుకోలేదు. యంత్రం ఇచ్చే ముడి నిష్పత్తిలో దాని సొంత పక్షపాతం కలిసి ఉంటుంది, అది రోజురోజుకూ మారుతుంది. అదే యంత్రంలో, అదే పూట, నమూనాను ప్రమాణాన్ని పక్కపక్కన కొలిచి ఒకదానితో మరొకదాన్ని భాగిస్తే ఆ పక్షపాతం చాలావరకు కొట్టుకుపోతుంది. అసలు నిష్పత్తిని ఆ స్థాయి కచ్చితత్వంతో చెప్పడం కష్టం, తేడాను చెప్పడం సులువు. పరమాణువులను, అణువులను బరువును బట్టి వేరుచేసే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్; ఆల్ఫ్రెడ్ నీర్ రూపొందించిన దాన్ని యూరీ బృందం మెరుగుపరచి, 1950లో ప్రచురించిన పద్ధతికి మూలసూత్రం ఇదే.

యంత్రంలో జరిగేది

మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి నీటిని నేరుగా పంపరు. ఆక్సిజన్ కొలవాలంటే, చిన్న గాజు సీసాలోని నీటిపై కార్బన్ డయాక్సైడ్ నింపి, స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద కొన్ని గంటలు వదిలేస్తారు. ఈలోగా నీటిలోని ఆక్సిజన్, వాయువులోని ఆక్సిజన్ ఒకదానితో ఒకటి మారకం జరుపుకొని సమతౌల్యానికి వస్తాయి. తర్వాత ఆ వాయువును యంత్రంలోకి వదిలితే, ఎలక్ట్రాన్ల తాకిడికి అణువులు విద్యుదావేశం పొంది, అయస్కాంత క్షేత్రంలో వంపు తిరుగుతాయి. తేలికవి ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగి, 44, 45, 46 ద్రవ్యరాశులకు అమర్చిన మూడు వేర్వేరు గ్రాహకాల్లో పడతాయి. ప్రతి గ్రాహకంలో పుట్టే సూక్ష్మమైన విద్యుత్ ప్రవాహమే కొలత.

ఇదే వాయువుతో కార్బన్‌ను కొలిచేటప్పుడు ఒక చిక్కుంది. ద్రవ్యరాశి 45 గ్రాహకంలో పడేవన్నీ కార్బన్-13 ఉన్న అణువులు కావు. కార్బన్-12తో పాటు ఒక ఆక్సిజన్-17 ఉన్న అణువు బరువూ అంతే. అందుకని ఆక్సిజన్-17 వాటాను లెక్కగట్టి తీసివేయాలి. ఆ సవరణను హార్మన్ క్రెయిగ్ 1957లో సూత్రీకరించారు. రెండు ప్రయోగశాలలు వేర్వేరు గుణకాలతో ఈ సవరణ చేస్తే, ఒకే నమూనాకు చివరి దశాంశాల్లో వేర్వేరు జవాబులు వస్తాయి.

ఈ మధ్య నీటి నమూనాలకు లేజర్ యంత్రాల వాడకం బాగా పెరిగింది. నీటి ఆవిరి నిండిన చిన్న గదిలో లేజర్ కాంతి ఎంత శోషణకు గురైందో కొలిచి, ఆక్సిజన్-18నూ డ్యుటీరియాన్నీ ఒకేసారి చెబుతాయి. రెండు మిల్లీలీటర్ల సీసాలోంచి సూది ఒకటి రెండు మైక్రోలీటర్ల నీటిని పీల్చి లోపలికి వదులుతుంది. ఒక్కో నమూనాను ఆరేడు సార్లు ఎక్కిస్తారు, మొదటి రెండు మూడు అంకెలను లెక్కలోకి తీసుకోరు. ముందరి నమూనా తడి గోడలకు అంటుకుని ఉండి, కొత్త నమూనా విలువను తనవైపు లాగడమే అందుకు కారణం. మంచులాంటి తేలిక నీటి తర్వాత చెరువు నీరు ఎక్కిస్తే ఆ లాగుడు కంటికి కనిపించేంత ఉంటుంది. ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ కావడం లేజర్ పద్ధతికి అనుకూలం. మొక్కల కాండం నుంచి, ఆకుల నుంచి తీసిన నీటిలో మిథనాల్, ఇథనాల్ వంటివి కొద్దిగా కలిసినా కాంతి శోషణ లెక్క తప్పడం ప్రతికూలం. శుభ్రమైన బోరు నీటికి రెండు పద్ధతులూ సరిపోతాయి.

స్కేలుకు రెండు కొసలు

1961లో క్రెయిగ్ "స్మో" అనే సముద్రజల ప్రమాణాన్ని నిర్వచించినప్పుడు దానికి కాగితం మీద విలువ ఉందే తప్ప సీసాలో నీరు లేదు. తర్వాత సముద్రపు నీటిని స్వేదనం చేసి, విలువ సరిచూసి, వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ద్వారా పంచారు. వియన్నా చేరడంతో అది వీస్మో అయింది. ఆ నిల్వ అడుగంటుతున్నప్పుడు వీస్మో-2 తయారైంది. కార్బన్ కథ మరింత వింతగా ఉంటుంది. అమెరికాలోని సౌత్ కరోలినాలో పీడీ అనే శిలాపొరల్లో దొరికిన, డైనోసార్ల కాలం నాటి బెలెమ్నైట్ అనే సముద్రజీవి శిలాజపు సున్నమే తొలి ప్రమాణం. అది ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు వీపీడీబీ అంటున్న స్కేలు మరో సున్నపు రాతి నమూనా ద్వారా నిర్వచించినది; ఎన్‌బీఎస్-19 అనే ఆ నమూనాకు +1.95 అని విలువ కట్టి, అక్కడి నుంచి సున్నాను వెనక్కి లెక్కించారు.

ఒక్క సున్నా బిందువు ఉంటే చాలదు. యంత్రాలు స్కేలును కుదిస్తాయి లేదా సాగదీస్తాయి. అందుకే నీటికి రెండో కొసగా అంటార్కిటికా మంచు నుంచి తీసిన "స్లాప్"ను పెట్టి, దాని ఆక్సిజన్-18 విలువ −55.5 అని నిర్ణయించారు. లెక్క చేసి చూద్దాం. ఒక యంత్రం వీస్మోకు +0.30, స్లాప్‌కు −54.60 చూపిందనుకుందాం. నిజమైన దూరం 55.5, యంత్రం చూపిన దూరం 54.9, సాగదీయాల్సిన గుణకం 1.0109. అదే యంత్రం బోరు నీటికి −4.20 చూపితే, 0.30 తీసేసి గుణకంతో హెచ్చించగా −4.55 వస్తుంది. సున్నాను మాత్రమే సరిచేసి ఊరుకుంటే −4.50. తేడా 0.05, ఇది యంత్రం సహజ అనిశ్చితిలోనే కలిసిపోతుంది. కానీ హిమాలయాల మంచుకు యంత్రం −30.00 చూపిందంటే, ఒక్క సవరణతో −30.30, రెండింటితో −30.63. ఇప్పుడు తేడా 0.33, దీన్ని వదిలేయడానికి లేదు.

తెలంగాణ నీళ్లు సున్నాకు దగ్గరలోనే ఉంటాయి గనుక ఒక్క ప్రమాణం చాలదా అని అడిగేవారున్నారు. అసలు ప్రమాణాల నీరు విలువైనదనీ, పొదుపుగా వాడాలనీ వారి వాదన, అందులో నిజముంది. దానికి దారి ప్రమాణాలను వదిలేయడం కాదు. చాలా ప్రయోగశాలలు సొంతంగా రెండు మూడు రకాల నీటిని పెద్ద మొత్తంలో నిల్వచేసి, వాటిని వీస్మో, స్లాప్‌లతో ఒకసారి సరిచూసుకుని, రోజువారీ పనికి అవే వాడుకుంటాయి. కొలిచే నమూనాల విలువలు ఈ సొంత ప్రమాణాల రెండు కొసల మధ్య పడితే సరిపోతుంది.

చెరువు నుంచి బోరుకు: ఒక ఊహా లెక్క

క్రెయిగ్ 1961లోనే ప్రపంచవ్యాప్తంగా వాన, నది, మంచు నీళ్లను పోల్చి, డ్యుటీరియం డెల్టా విలువ ఆక్సిజన్-18 డెల్టా విలువకు ఎనిమిది రెట్లకు పది కలిపినంత ఉంటుందని చూపారు. వాన నీళ్లు సుమారుగా ఈ గీత మీద పడతాయి. ఎండకు ఆవిరైన చెరువు నీరు మాత్రం గీత నుంచి పక్కకు జరుగుతుంది; ఆ జరుగుబాటు వాలు ఎనిమిది కాక ఐదు దరిదాపుల్లో ఉంటుంది. గీత నుంచి ఎంత జరిగిందో చెప్పే కొలత డ్యుటీరియం ఎక్సెస్: డ్యుటీరియం విలువలోంచి ఆక్సిజన్ విలువకు ఎనిమిది రెట్లు తీసేస్తే వచ్చేది. 1964లో విల్లీ డాన్స్‌గార్డ్ దీన్ని వాడుకలోకి తెచ్చారు.

పాకాల, రామప్ప లాంటి ఒక పెద్ద చెరువు, దాని కట్ట కింద ఆయకట్టులో ఒక బోరు ఉన్నాయనుకుందాం. ఈ లెక్కలోని విలువలన్నీ ఊహించినవే, ఏ చెరువులోనూ కొలిచినవి కావు. నేరుగా ఇంకిన వాన నీటి ఆక్సిజన్ విలువ −4.0, డ్యుటీరియం −22. మే నెలలో చెరువు నీటి విలువలు +1.0, +3. బోరులో −2.5, −14.5. ఆక్సిజన్‌తో లెక్క కడితే, వాన విలువ నుంచి చెరువు విలువకు దూరం 5.0, వాన విలువ నుంచి బోరు విలువకు 1.5; అంటే చెరువు వాటా 30 శాతం. డ్యుటీరియంతో కట్టినా 25లో 7.5, అదే 30 శాతం.

రెండో ఐసోటోపు ఎందుకంటే, ఆక్సిజన్ −2.5 అని ఉన్నంత మాత్రాన చెరువు కలిసిందని చెప్పలేం. ఆ ఏడు వాన తీరే వేరై, ఏ చెరువూ కలవకుండా −2.5 ఉన్న వాన నీరే ఇంకి ఉండవచ్చు. అప్పుడు బోరు నీరు గీత మీదే ఉండి, డ్యుటీరియం −10, ఎక్సెస్ 10 వస్తాయి. మన బోరులో ఎక్సెస్ 5.5, వాన నీటి 10కీ, చెరువు నీటి −5కీ నడుమ ఉంది. ఆవిరైన నీరు కలిసిందని చెప్పే సాక్ష్యం ఇది.

ఇప్పుడు అసలు చిక్కు. చెరువు నీటిని మే నెలలో తీశాం. బోరులోకి ఇంకిన నీరు మత్తడి దూకుతున్న అక్టోబరు నాటిది అయి ఉంటే, ఎండ అంతగా తగలని ఆ నీటి ఆక్సిజన్ విలువ −1.0 మాత్రమే ఉండవచ్చు. అప్పుడు 3.0లో 1.5, వాటా 50 శాతం! యంత్రం తప్పు చేయలేదు, దశాంశాలు సరిగ్గానే ఉన్నాయి, అయినా నమూనా తీసిన నెల మారేసరికి జవాబు 30 నుంచి 50కి వెళ్లింది. నా దృష్టిలో ఐసోటోపుల నివేదికల్లో అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న యంత్రం గురించి కాదు, సీసా నింపిన తేదీ గురించి.

సీసా నింపే తీరూ అంతే ముఖ్యం. మూత వరకు నింపి, గాలిబుడగ లేకుండా బిగించాలి. సగం నిండిన సీసాను నలభై డిగ్రీలు దాటిన ఎండలో జీపులో తిప్పితే, వదులు మూతలోంచి కొద్దికొద్దిగా ఆవిరిపోయి, వాన నీరు కాస్తా చెరువు నీరులా కనిపిస్తుంది. వాన నీరు పట్టే డబ్బాల్లో నీటిపై పారాఫిన్ నూనె పొర వేయడం ఇందుకే.

ఐసోటోపులపై నమ్మకం ఉన్నవారు ఈ పద్ధతి నీటి అణువునే పట్టుకుంటుందని, మరే పదార్థంపైనా ఆధారపడదని అంటారు. అనుమానించేవారు గ్రానైటు పగుళ్ల గుండా పోయే నీటికి రెండే మూలాలున్నాయని అనుకోవడమే తొందరపాటంటారు. వరి మళ్లలో నిలిచి ఆవిరై తిరిగి ఇంకిన నీరు కూడా చెరువు నీరులాగే కనిపిస్తుంది. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువలో వచ్చే గోదావరి నీటికి తన విలువ తనకుంటుంది. రెండు వాదనలకూ బలముంది. క్లోరైడ్ కొలతలు, నీటిమట్టాలు, ఐసోటోపులు ఒకే వాటాను చూపినప్పుడు ఆ వాటాను నమ్మవచ్చు. ఐసోటోపులు ఒక్కటే చూపినప్పుడు ఒక అంకె కాక, 30 నుంచి 50 వరకు అన్న పరిధి రాయడం న్యాయం.

అదే స్కేలు మీద మక్కజొన్న, తేనె

కార్బన్ విషయంలో తేడాను పుట్టించేది ఎండ కాదు, కిరణజన్య సంయోగక్రియ. ఆ క్రియ తీరును బట్టి మొక్కలను సీ-3, సీ-4 అని వేరుచేస్తారు. వరి, పత్తి, మిర్చి, పసుపు సీ-3 మొక్కలు. వీటి కార్బన్-13 డెల్టా విలువ −27 దరిదాపుల్లో ఉంటుంది. మక్కజొన్న, జొన్న, చెరకు సీ-4 మొక్కలు. వీటిది −12 చుట్టుపక్కల. తేనెటీగలు ఎక్కువగా సీ-3 పూల మకరందమే తెస్తాయి. అందుకని తేనెలో చెరకు పాకమో, మక్కజొన్న సిరపో కలిస్తే తేనె విలువ పైకి జరుగుతుంది, తేనెలోని ప్రోటీను విలువ మాత్రం జరగదు. ఉదాహరణకు ప్రోటీను −25.5, తేనె −24.0 అనుకుంటే తేడా 1.5. సీ-4 చక్కెరకు ప్రామాణికంగా తీసుకునే విలువ −9.7, దాని నుంచి ప్రోటీను దూరం 15.8. 1.5ను 15.8తో భాగిస్తే సుమారు 9.5 శాతం. దేశంలోని ఆహార ప్రమాణాలు అనుమతించే 7 శాతానికి ఇది మించింది. బియ్యంతో చేసిన సిరప్ కలిపితే మాత్రం ఈ పరీక్ష ఏమీ పట్టుకోలేదు, ఎందుకంటే వరి కూడా సీ-3 మొక్కే. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తేనె కల్తీపై నివేదిక విడుదల చేసినప్పుడు, అయస్కాంత క్షేత్రంలో అణువుల ఆనవాళ్లు చూసే ఎన్ఎంఆర్ పరీక్ష గురించి అంత చర్చ జరగడానికి నేపథ్యం ఇదే.

అంకె పక్కన ఉండవలసినవి, ఇంకా తేలని వివాదాలు

పూర్తి నివేదికలో డెల్టా విలువతో పాటు స్కేలు పేరు, సరిచూసిన ప్రమాణాలు, వాటికి తీసుకున్న విలువలు, అనిశ్చితి ఉండాలి. నీటి ఆక్సిజన్‌కు ±0.1, డ్యుటీరియానికి ±1 సాధారణం. ±0.1 అన్నది ఒకే సీసాను పదే పదే కొలిచినప్పటి చెదురుబాటా, లేక స్కేలు అనిశ్చితితో సహానా అన్నది కూడా చెప్పాలి. మొదటిది ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. −4.9873 అని నాలుగు దశాంశాలు రాసిన నివేదిక ఎక్కువ కచ్చితమైనది కాదు, తన అనిశ్చితి తనకు తెలియనిది.

పర్ మిల్ అన్న గుర్తుపైనా భేదాభిప్రాయముంది. డెల్టా నిర్వచనంలోనే వెయ్యిని కలిపేయడం తప్పని, వెయ్యి కేవలం చూపే తీరులో భాగమని 2011 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఆ మరుసటి ఏడాదే విల్లీ బ్రాండ్, టైలర్ కోప్లెన్ యూరీ పేరుతో కొత్త ప్రమాణాన్ని ప్రతిపాదించారు. దాని ప్రకారం ఒక పర్ మిల్ ఒక మిల్లీయూరీ. అంతర్జాతీయ కొలమానాల వ్యవస్థతో పొసగుతుందన్నది అనుకూల వాదన. దశాబ్దాల సమాచారమంతా పర్ మిల్‌లోనే ఉండగా పేరు మార్చి సాధించేదేమిటన్నది ప్రతివాదన. ఆచరణలో పర్ మిల్‌దే పైచేయి.

అంతకన్నా ఇబ్బంది పెట్టినది కార్బన్ స్కేలు రెండో కొస. 2006లో లిథియం కార్బనేట్‌తో చేసిన ఎల్‌ఎస్‌వీఈసీ అనే పదార్థానికి −46.6 అని విలువ కట్టి దాన్ని రెండో కొసగా పెట్టారు. తీరా అది సీసా తెరిచినప్పుడల్లా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని విలువ మార్చుకుంటోందని తేలింది. 2017 తర్వాత దాన్ని వాడవద్దన్నారు. దానితో సరిచూసిన పాత విలువలను కొత్త స్కేలుకు మార్చాలంటే, ఆ రోజు యంత్రం నమూనాకు ఏం చూపిందో, ప్రమాణాలకు ఏం చూపిందో రెండూ తెలియాలి. తుది డెల్టా విలువను మాత్రమే అచ్చువేసి, ప్రమాణాల ముడి కొలతలను పారేసిన పరిశోధనలకు ఆ అవకాశం లేదు.